గొళ్ళెం లేని గేటు, గొప్ప గవర్నెన్స్

మంచిపని చేసేవాళ్ళని అస్సలు నమ్మకూడదు!

కంగారు పడకండి, బాగా ఆలోచించే అంటున్నాను. చెడ్డపని చేసేవాడు కనీసం భయపడుతూ చేస్తాడు. నాలుగు కాగితాలు దగ్గర పెట్టుకుంటాడు, ప్లీడర్ని అడుగుతాడు, ముందూ వెనకా చూసుకుంటాడు. మంచిపని చేసేవాడికి ఆ భయం ఎక్కడేడిసింది? ఎదుటివాడికి ఆకలేస్తోందని తెలిస్తే చాలు, అన్నం పెట్టేస్తాడు! కోరం ఉందా? కొటేషన్లు తెప్పించాడా? ఆకలికి సంబంధించిన పాలసీ ఒకసారి తిరగేశాడా? ఏదీ లేదు. చెయ్యి ముందు, బుర్ర తరవాత. ఇలాంటివాళ్ళని ఇష్టమొచ్చినట్టు వదిలేస్తే లోకం ఏమైపోవాలి చెప్పండి?

అందుకే స్వచ్ఛంద సంస్థల్లోకి గవర్నెన్స్ అనేది అడుగుపెట్టిందని విన్నప్పుడు నా ప్రాణం లేచి వచ్చింది. గిట్టనివాళ్ళు దాన్ని తలనొప్పి అంటారు. నేను వరం అంటాను. ఎందుకంటారా? మా వదిన కోశాధికారిగా వెలగబెట్టిన సంస్థ సంగతి చెబుతాను. విన్నాక మీరే ఒప్పుకుంటారు.

వదిన అంటే మా బాబాయి కోడలు. డ్రైక్లీనింగ్ షాపు నడుపుతుంది. మాట కాస్త కరుకు, చెయ్యి మహా చురుకు. చొక్కా మీద మరక చూసి ఎక్కడ తిన్నారో, ఎంత హడావిడిగా తిన్నారో చెప్పేయగలదు. మా అన్నయ్య ఉద్యోగం ఊళ్ళు పట్టుకు తిరిగేది కాబట్టి ఇల్లూ, షాపూ, మా బాబాయీ, మూడూ ఆవిడ నెత్తినే.

ఆ మూడింట్లో కష్టమైంది మా బాబాయే. పాపం, ఆయన తప్పేం లేదు. జీవితమంతా సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. తరవాత మతిమరుపు జబ్బు పట్టుకుంది. పేర్లు పోయాయి, మొహాలు పోయాయి, తిన్నానా లేదా అన్నది కూడా పోయింది. డ్యూటీ ఒక్కటే పోలేదు! పొద్దున్న లేవడం ఆలస్యం, చొక్కా గుండీలు పెట్టుకుని, సంచి భుజాన తగిలించుకుని బస్సు పట్టుకోవడానికి బయల్దేరతాడు. వీధి దాటితే మెయిన్ రోడ్డు. ఆ రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆయన ఏ రోజు ఆ రోడ్డెక్కుతాడో అన్న బెంగతో వదినకి షాపులో ఇస్త్రీ మీద దృష్టి ఉండేది కాదు.

ఇదే బెంగ ఉన్న మరో నలుగురు ఆవిడకి తోడయ్యారు. ఒక పళ్ళ డాక్టరు, ఆయనకి తల్లితో. ఒక టైలరు, ఆయనకి అన్నగారితో. ఒక రిటైర్డ్ లెక్చరరు, ఆయనకి భార్యతో. ఒక ఫొటో స్టూడియో ఆయన, పెంచిన పిన్నితో. అయిదుగురూ కలిసి మూతపడ్డ నర్సింగ్ హోమ్ ఒకటి అద్దెకి తీసుకున్నారు. ముందు గేటు, లోపల ఒక హాలు, పక్కన పెద్ద గది, వెనక పెరడు. చూసుకోవడానికి ఒక ఆయమ్మ. పొద్దున్న పెద్దవాళ్ళని దింపి వెళ్ళడం, సాయంత్రం తీసుకెళ్ళడం. సంస్థ అంటే అంతే.

ఆ రోజుల్లో అక్కడ ఎంత అరాచకం నడిచిందో చెబితే మీ ఒళ్ళు జలదరిస్తుంది. బల్బు మాడిపోతే టైలరు వస్తూ వస్తూ ఒకటి తెచ్చి బిగించేసేవాడు! కుర్చీ కాలు ఊగితే డాక్టరుగారే మేకు కొట్టేసేవాడు. ఎవరిని అడిగాడు? ఏ తీర్మానం ప్రకారం కొట్టాడు? ఆ మేకుకి బాధ్యులెవరు? అడిగే నాథుడే లేడు. పెద్దవాళ్ళు మాత్రం వేళకి తిని, వేళకి పడుకుని, ఇంత పౌడరు రాయించుకుని హాయిగా ఉండేవారు. పద్ధతీ పాడూ లేని హాయి ఎన్నాళ్ళు నిలుస్తుంది?

అదృష్టం బాగుండి ఒక పెద్ద ట్రస్టు కంటపడ్డారు. గ్రాంటు ఇస్తామన్నారు. అయితే పాలకీ, మందులకీ, ఆయమ్మ జీతానికీ కాదు సుమా! అవి రోజువారీ ఖర్చులు, అవి పెట్టేకొద్దీ అయిపోతుంటాయి. గ్రాంటు అంతా సంస్థని నిర్వహించే సామర్థ్యం పెంచడానికి. దాన్ని పెంచడానికి ఒక సలహాదారుని కూడా వాళ్ళే పంపారు. సూటు, లాప్‌టాప్, చల్లటి నవ్వు. నోరు తెరిస్తే ‘ఫ్రేమ్‌వర్క్’ అనేవాడు కాబట్టి అందరూ ఆయన్ని ఫ్రేమ్‌వర్క్ గారు అనే పిలవడం మొదలుపెట్టారు. ఆయనేమీ అనుకోలేదు. అది తన పేరే అన్నంత సహజంగా పలికేవాడు.

ఆయన వచ్చాక చూడాలి ఆ కళ! సబ్బు కొన్నవాళ్ళు సబ్బు పుచ్చుకోకూడదు. పుచ్చుకున్నవాళ్ళు వాడకూడదు. వాడినవాళ్ళు అయిపోయిందని చెప్పకూడదు, ఎందుకంటే సరుకు నిల్వ తేల్చాల్సింది ఇంకో మనిషి. టీ పొడికి మూడు కొటేషన్లు. చీపురుకి చీపురు వయసు తెలిపే పట్టిక. ఆయమ్మ మీద ఫిర్యాదులుంటే వెయ్యడానికి గోడకి ఒక పెట్టె, దాని తాళంచెవి భద్రంగా ఆయమ్మ దగ్గర. పాలసీలన్నీ పెట్టుకోవడానికి ఉక్కు బీరువా వచ్చింది, దానికి రెండు తాళాలు. ఒకటి తెరిచినవాళ్ళు రెండోది తెరవకూడదు. ఒక్క పాలసీ కూడా గడప దాటి బయటికి పోయే ప్రసక్తి లేదు!

సరిగ్గా అప్పుడే ముందు గేటుకున్న గొళ్ళెం ఊడిపోయింది.

తుప్పు పట్టి ఉంది, డాక్టరుగారు గట్టిగా లాగేసరికి చేతిలోకి వచ్చేసింది. వదిన అక్కడే ఉంది.

“పోన్లెండి డాక్టరుగారూ, సాయంత్రం వస్తూ కొత్తది నే తెస్తా” అంది.

“అయ్యయ్యో, మేడమ్!” అన్నాడు ఫ్రేమ్‌వర్క్ గారు. “మీరెలా తెస్తారు? మీకు స్వప్రయోజనం ఉంది కదా!”

“నాకా? గొళ్ళెంతో నాకేం ప్రయోజనమండీ? దాన్నేం మెళ్ళో వేసుకుంటానా?”

“గొళ్ళెం వేస్తే లోపల క్షేమంగా ఉండేదెవరు? మీ మామగారు. ఉంటే సంతోషించేదెవరు? మీరు. అదే మేడమ్, స్వప్రయోజనం. అది ఉన్నవాళ్ళు ఆ విషయం చర్చకొచ్చినప్పుడు కూర్చోకూడదు, ఓటెయ్యకూడదు, సొంత డబ్బు అసలే పెట్టకూడదు. మన ఫ్రేమ్‌వర్క్ అదే చెబుతోంది.”

పాఠకమహాశయులారా, ఇందులో లోటేదైనా కనిపిస్తోందా? నాకైతే కనబడలేదు. సొంత మామగారు లారీ కింద పడకూడదని కోరుకునే మనిషిని గొళ్ళెం విషయంలో నిష్పాక్షికంగా ఉంటుందని ఎలా నమ్మగలం?

వదిన నమ్మలేనట్టు ఆయన మొహంలోకి చూసి, షాపుకెళ్ళి మూటలు కట్టే తాడు తెచ్చి గేటుకి కట్టింది. ఫ్రేమ్‌వర్క్ గారు దాన్ని అనుమతి లేని ఆస్తిగా గుర్తించి విప్పించాడు. చేసేది లేక, తీర్మానం అయ్యేదాకా ఆయమ్మ గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేట్టు ఏర్పాటు చేసుకున్నారు. మా బాబాయి గేటు దాకా వచ్చేవాడు, ఆయమ్మ “బస్సింకా రాలేదు, కూచోండి” అనేది, ఆయన గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళేవాడు. రోజుకి ఎన్నిసార్లో!

ఇక బోర్డు మీటింగు. పెద్దవాళ్ళందరినీ పక్క గదిలో కూర్చోబెట్టి, హాల్లో బల్ల వేశారు. గొళ్ళెం సంగతి రాగానే వదిన లేచి బయటికి నడిచింది, నియమం నియమమే కదా. మిగిలిన నలుగురూ చర్చ మొదలుపెట్టబోతుంటే ఫ్రేమ్‌వర్క్ గారు చిన్నగా దగ్గాడు. డాక్టరుగారికి తల్లి గుర్తుకొచ్చింది. లేచాడు. టైలరుకి అన్న గుర్తుకొచ్చాడు, లేచాడు. లెక్చరరు గారు “మా ఆవిడకి నడకే లేదండీ, కుర్చీలోంచి కదలదు” అని కాస్త వాదించి చూశాడు గానీ, నడక లేకపోయినా ప్రయోజనం ఉన్నట్టే అని తేలింది. స్టూడియో ఆయన ఎవరూ చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

అసలు సొంతమనిషి లోపల లేకపోతే ఈ అయిదుగురూ ఈ సంస్థ పెట్టేవాళ్ళే కాదన్న సంగతి ఫ్రేమ్‌వర్క్ గారికి తెలుసు. ఆయన దృష్టిలో సంస్థకున్న పెద్ద జబ్బే అది!

బయటికి వెళ్ళినవాళ్ళు చర్చ వినబడని, కనబడని చోట ఉండాలని పాలసీలో ఉంది. ఆ ఇంట్లో అలాంటి చోటు ఒక్కటే, వెనక పెరడు. అయిదుగురూ పెరట్లోకి వెళ్ళి, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడ్డారు. మినిట్స్ రాసే మనిషికి కూడా ఏ ప్రయోజనమూ ఉండకూడదు. ఆ కప్పు కింద అలాంటి మనిషి ఆయమ్మ ఒక్కతే. కాబట్టి స్టూలు మీంచి లేపి ఆవిణ్ణి లోపలికి పిలిచారు.

ఆయమ్మకి ఆ గౌరవం బాగా నచ్చింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, డాక్టరుగారి కుర్చీలోనే కూర్చుని, పెన్ను పుచ్చుకుంది.

“ఎవరూ లేరుగా సారూ, ఏం రాయమంటారు?”

“ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాయండి.”

“రాశా. అయితే గొళ్ళెం కొనేసినట్టేనా?”

“అదెలాగమ్మా? కోరం లేదుగా! వచ్చే మీటింగుకి వాయిదా.”

ఈ లోపల పెరట్లో ఏం జరిగిందంటే, దుప్పట్ల చాటున నిలబడ్డ అయిదుగురూ గొళ్ళెం ఏ సైజు, ఎవరు కొనాలి, ఎవరు బిగించాలి అన్నీ చిటికెలో తేల్చేశారు. టైలరు దగ్గర డ్రిల్లు కూడా ఉందట! కానీ పెరట్లో తేల్చింది తీర్మానం కాదు. అది కబుర్ల కిందకి వస్తుంది.

కబుర్లయిపోయాక వదిన హాలు తలుపు తోసింది. ఆయమ్మ లోపల్నించి అడ్డం నిలబడింది. “రాకూడదమ్మగారూ, మీటింగు అవుతోంది. మీకు ప్రయోజనం ఉందిగా!”

“నువ్విక్కడేం చేస్తున్నావే? మరి గేటు దగ్గరెవరున్నారు?”

పక్క గది కిటికీలోంచి డాక్టరుగారి తల్లి ఎంతో మామూలుగా చెప్పింది, “కండక్టరు గారు డ్యూటీకెళ్ళిపోయారుగా. చాలాసేపైంది.”

వదిన చెప్పులు పెరట్లోనే ఉండిపోయాయి, కొంగు దోపుకుని పరుగెత్తింది. వీధి పొడుగునా “మామయ్యగారూ! మామయ్యగారూ!” అని అరుస్తూనే ఉంది. మెయిన్ రోడ్డు మీదకొచ్చేసరికి ఎక్కడో సడన్ బ్రేకు చప్పుడైతే ఉన్నచోటే ఆగిపోయిందట. అటు చూడ్డానికి భయం, చూడకుండా ఉండలేకపోయింది. నాకు తరవాత చెబుతూ, “అప్పుడు నాకు ఒకటే అనిపించింది మరిదీ. బతికుంటే చాలు, ఈ సంస్థా వద్దు, గ్రాంటూ వద్దు, షాపు కూడా అమ్మేసి కాళ్ళ దగ్గర కూచుంటా అనుకున్నా” అంది. చూశారా ఆ ఆవేశం! కోశాధికారి నోట రావలసిన మాటలేనా అవి?

సిగ్నలు దగ్గర ఒక సిటీ బస్సు ఆగి ఉంది. ఫుట్‌బోర్డు మీద మా బాబాయి. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో జనాన్ని లోపలికి తోస్తున్నాడు. “జరగండమ్మా, లోపలంతా ఖాళీయే! ఆ గొడుగు మడవండి సార్, ఎవరి కంట్లోనైనా పొడుస్తారు!” ఆ రూటు బస్సుల్లో ఇప్పుడు కండక్టర్లు లేరు, డ్రైవరు దగ్గర టికెట్ మెషినే. పాపం, జనాన్ని ఎవరైనా కసిరి ఎంతకాలమైందో! అందరూ బుద్ధిగా జరుగుతున్నారు.

“ఎవరి మనిషండీ ఈయన?” అన్నాడు డ్రైవరు. “దిగమంటే నన్నే తిడుతున్నాడు. కానీ ఒకటి, ఇవాళే బస్సు టైముకి నడుస్తోంది.”

వదిన ఫుట్‌బోర్డు ఎక్కి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి, “టికెట్ తీసుకున్నావా తల్లీ?” అన్నాడు.

“లేదు మామయ్యగారూ. మీరే ఇవ్వండి” అంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయన సంచిలోంచి ఒక కాగితం తీసి, చిన్న ముక్క చింపి ఇచ్చాడు. హాల్లో బల్ల మీంచి ఎప్పుడు తీసుకున్నాడో, స్వప్రయోజన పాలసీ నాలుగో పేజీ! బస్సులో సగంమంది చేతుల్లో ఆ పేజీ ముక్కలే ఉన్నాయి.

తిరుగుదారిలో వదిన చేసిన పని నా కలంతో రాయడానికి మనసొప్పడం లేదు, అయినా నిజం దాచకూడదు. ఆయన చెయ్యి వదలకుండానే హార్డ్‌వేర్ షాపు మెట్లెక్కింది. “గట్టిది ఇవ్వండి” అంది. అంతే! రెండో షాపు మొహం చూడలేదు. మూడో షాపు సంగతి సరేసరి. సాయంత్రానికల్లా టైలరు డ్రిల్లుతో కొత్త గొళ్ళెం గేటుకి ఎక్కింది. ఆ రాత్రి వదిన కడుపునిండా తిని, ఆదమరిచి నిద్రపోయిందట.

తప్పు చేసినవాళ్ళని ఆడిట్ వదులుతుందా? ఏడాది చివర ఆడిటరు వచ్చాడు. అన్నీ భేష్ అన్నాడు. సబ్బు భేష్, చీపురు భేష్, బీరువా అద్భుతం. ఒక్క మచ్చ మాత్రం ఉంది, గేటుకి గొళ్ళెం. అనుమతి లేదు, కొటేషన్లు లేవు, పైగా కొన్న మనిషికే లాభం. ట్రస్టువాళ్ళు ఉలిక్కిపడ్డారు. దిద్దుబాటు చర్య ఏమిటో చెప్పి పంపారు. ముందు ఆ గొళ్ళెం ఊడదీసి యథాస్థితి నెలకొల్పాలి. తరవాత పద్ధతి ప్రకారం మూడు కొటేషన్లు, తీర్మానం, కొనుగోలు. అప్పటిదాకా గ్రాంటు నిలుపుదల. ఇంత ఓపిగ్గా, ఇంత మర్యాదగా తప్పు దిద్దుకునే అవకాశం ఈ రోజుల్లో ఎవరిస్తారండీ?

మళ్ళీ మీటింగు. ఫ్రేమ్‌వర్క్ గారు స్క్రూడ్రైవరు పట్టుకునే వచ్చాడు. దానికి కొటేషన్లు సక్రమంగా తీసుకున్నారు. ఆయమ్మ ఈసారి గేటు దగ్గర్నించి కదలనంటే కదలనని మొండికేసింది. “గొళ్ళెం తొలగింపు. ప్రయోజనం ఉన్నవాళ్ళు దయచేసి బయటికి వెళ్ళగలరు” అని ఫ్రేమ్‌వర్క్ గారు చల్లగా నవ్వాడు.

ఎవరూ లేవలేదు.

ఆయన మళ్ళీ అడిగాడు. వదినవైపే చూస్తూ అడిగాడు.

“నాకు ప్రయోజనం ఉంది, రాసుకోండి” అంది వదిన. “ఆయన మా మామగారు. రోడ్డు మీద పోతే మోసుకొచ్చేది నేను. అందుకే లేవను. మా డాక్టరుగారికి వాళ్ళమ్మ ఉంది, ఆయనా లేవడు. మీకు ఇక్కడ ఎవరూ లేరు కదా సార్? అయితే మీరు వెళ్ళి దుప్పట్ల దగ్గర నిలబడండి. ఇది మేం మాట్లాడుకోవలసిన విషయం.”

ఫ్రేమ్‌వర్క్ గారు అటూ ఇటూ చూశాడు. అయిదుగురూ ఆయన్నే చూస్తున్నారు. లాప్‌టాప్ మూసుకుని పెరట్లోకి వెళ్ళాడు. గొళ్ళెం ఉంచాలని చెయ్యెత్తడానికి వాళ్ళకి ఎంతోసేపు పట్టలేదు.

దాంతో గ్రాంటు పోయింది. బీరువా కూడా వెనక్కి తీసుకెళ్ళారు. ఇప్పుడు ఖర్చంతా అయిదు కుటుంబాలే తలా కాస్త వేసుకుంటున్నాయి, లెక్కలు వదిన గోడ మీద అంటిస్తోంది, కూతుళ్ళూ అల్లుళ్ళూ వచ్చి చదివి, పాలు ఎందుకింత అయ్యాయని నిలదీస్తున్నారు. నోళ్ళూ, గొడవలూ. ప్రయోజనం లేని మనిషంటూ ఒక్కరూ లేని చోట గొడవలు కాక ఏముంటాయి?

ట్రస్టువాళ్ళు గ్రాంటు రద్దుకి కారణం చాలా మర్యాదగా, ఒకే ఒక్క వాక్యంలో తెలియజేశారు. పెద్దవాళ్ళు క్షేమంగా ఉన్నా లేకున్నా తనకేమీ పట్టని సభ్యుడు ఆ బోర్డులో ఒక్కరైనా లేరట. ఎంత న్యాయమైన మాట! అలాంటి సభ్యుడు దొరికితే మళ్ళీ ఆలోచిస్తామన్నారు.

కాబట్టి ఈ కాలమ్ చదివేవాళ్ళలో ఆ అర్హత ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే వెంటనే రావలసిందని మనవి. గేటు బయటే నిలబడి పిలవండి. లోపల గొళ్ళెం వేసి ఉంటుంది.